ఫైలుకో భాష: యూనిక్స్ అమరికలను ఏకం చేయాల్సింది ఎక్కడ?

మామూలు వాడుకరి నిర్వాహకుడి అధికారంతో ఆదేశాలు నడపడానికి వీలిచ్చే ప్రోగ్రాము సుడో. దాని అనుమతుల కోసం లినక్స్ యంత్రాల్లో ఒక అదనపు డైరెక్టరీ ఉంటుంది. ప్రధాన ఫైలును ముట్టుకోకుండా కొత్త నియమాలను చిన్న చిన్న ఫైళ్లుగా అందులో పెట్టుకోవచ్చు. ఒక షరతు: ఫైలు పేరులో చుక్క ఉండకూడదు. ఉంటే సుడో దాన్ని చదవదు. చదవలేదని చెప్పదు కూడా. అదే యంత్రంలో సేవలను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ అమరికలకూ (కాన్ఫిగరేషన్) ఇలాంటి డైరెక్టరీలే ఉంటాయి. అక్కడ మాత్రం ఫైలు పేరు చివర చుక్క, దాని వెనక 'కాన్ఫ్' అన్న అక్షరాలు ఉండి తీరాలి. లేకపోతే సిస్టమ్‌డీ కూడా అంతే మౌనంగా దాన్ని దాటిపోతుంది. ఒకచోట తప్పనిసరి అయిన చుక్క మరోచోట నిషిద్ధం. ఎడిటర్లు, ప్యాకేజీ మేనేజర్లు వదిలేసే పాత ప్రతులు పొరపాటున అనుమతుల్లోకి చొరబడకూడదన్నది సుడో జాగ్రత్త. పేరు చివరి గుర్తును బట్టి తన ఫైళ్లేవో తేల్చుకోవడం సిస్టమ్‌డీ పద్ధతి. విడివిడిగా చూస్తే రెండూ సబబే. రెండింటినీ కలిపి చూసే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు.

ఇలాంటివి ఏరడం మొదలుపెడితే అంతు ఉండదు. అవును, కాదు అని చెప్పడానికే, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు 'యెస్', 'నో' కావాలి. వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌కు 'ఆన్', 'ఆఫ్' కావాలి. మరికొన్నిటికి 'ట్రూ', 'ఫాల్స్'. కెర్నల్ పరామితుల్లో చాలావాటికి 1, 0. ప్రోగ్రాము పట్టించుకోని వ్యాఖ్య, అంటే కామెంటు, ఎక్కువచోట్ల # తో మొదలవుతుంది. కానీ ఐఎన్‌ఐ తరహా ఫైళ్లలో ; కూడా చెల్లుతుంది, ఎక్స్ విండో వనరుల ఫైలులో ! వాడాలి. మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌లో ఖాళీతో మొదలైన పంక్తి పై పంక్తికి కొనసాగింపు. ప్రోగ్రాములను నిర్మించే నియమాలుండే మేక్‌ఫైలులోనైతే కంటికి కనబడని ట్యాబు మీదే కథంతా నడుస్తుంది.

వీటన్నిటికీ ఒకే పద్ధతి ఎందుకు లేదన్న ప్రశ్న కొన్నేళ్లకోసారి మళ్లీ పైకి వస్తూనే ఉంది. ప్రతిసారీ దానికి వచ్చే జవాబు దాదాపు ఒకటే: ఫైళ్లన్నిటినీ ఒకే రూపంలోకి మార్చాలి, లేదా ఒకే గిడ్డంగిలో పెట్టాలి. ఆ రెండు దారులూ చాలాదూరం నడిచి చూసినవే. అవి ఎక్కడ ఆగిపోయాయో గమనిస్తే, ఏకం చేయాల్సింది ఫైళ్లను కాదని, ప్రోగ్రాములు జవాబు చెప్పగల ప్రశ్నలనని తేలుతుంది.

ఈ చెల్లాచెదురుతనం అజాగ్రత్త వల్ల పుట్టింది కాదు. యూనిక్స్ తొలినాళ్లలో ఒక ప్రోగ్రాము ఒకేసారి చూడగలిగే మెమొరీ పదుల కిలోబైట్లలోనే ఉండేది. వాడుకరుల వివరాలుండే పాస్‌వర్డ్ ఫైలులో పంక్తికి ఏడు గడులు, మధ్యలో : గుర్తు. దాన్ని చదవడానికి సీ భాషలో కొద్ది పంక్తులు చాలు. డిస్కులు ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్‌లో ఖాళీలతో విడదీసిన ఆరు నిలువు వరుసలు. క్రాన్ పట్టికలో కాలం చెప్పడానికి ఐదు, ఆ వెనక ఆదేశం. ప్రతిదీ తన పనికి సరిపడేంత చిన్నది. అందరూ వాడుకునే కాన్ఫిగరేషన్ లైబ్రరీ సీ ప్రామాణిక లైబ్రరీలో లేదు, యూనిక్స్ వ్యవస్థలకు ఉమ్మడిగా తర్వాత వచ్చిన పోసిక్స్ ప్రమాణమూ ఆ ఊసెత్తలేదు. ఫైలు తెరవడం, పంక్తి చదవడం వరకే ఉమ్మడి. ఆ పంక్తికి అర్థం చెప్పుకోవడం ఎవరి గోల వారిది.

ఆ స్వేచ్ఛ ఎంతవరకు వెళ్లగలదో ఈమెయిళ్లను చేరవేసే సెండ్‌మెయిల్ చూపించింది. ఎరిక్ ఆల్‌మన్ 1980ల మొదట్లో దాన్ని రాసినప్పుడు రకరకాల నెట్‌వర్కులు, వాటికి రకరకాల చిరునామా పద్ధతులు ఉండేవి. చిరునామాలను ఒక రూపం నుంచి మరో రూపానికి తిరగరాసే నియమాలను ప్రోగ్రాములో కాకుండా అమరికల ఫైలులోనే పెట్టారు. ఫలితంగా ఆ ఫైలే ఒక ప్రోగ్రామింగ్ భాష అయి కూర్చుంది. దాన్ని చేత్తో రాయలేక, ఎం4 అనే మాక్రో పరికరంతో తయారు చేసుకునే పద్ధతి వచ్చింది. అమరికల ఫైలుకే మరో అమరికల ఫైలు కావలసి వచ్చిందన్నమాట.

ఇక వాడుకరి హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్ల గుట్ట సంగతి. డైరెక్టరీని చూపించే ఎల్‌ఎస్ ఆదేశం 'ఇక్కడ', 'పైన' అనే అర్థమున్న ఒక చుక్క, రెండు చుక్కల పేర్లను దాచాలి. అందుకు ఎవరో దగ్గరదారిగా మొదటి అక్షరం ఒక్కటే పరీక్షించారని, దాపుడు ఫైళ్లు ఆ పొరపాటు పుణ్యమేనని రాబ్ పైక్ ఒకసారి వివరించారు. డెస్క్‌టాప్ ప్రోగ్రాముల కోసం 2003లో మొదలైన ఎక్స్‌డీజీ నియమావళి వీటికి 'కాన్ఫిగ్' అనే ఒకే డైరెక్టరీని చూపించింది. అది ఫైలు ఎక్కడ ఉండాలో మాత్రమే చెప్పింది, లోపల ఏముండాలో చెప్పలేదు. బహుశా అందుకే అంతోఇంతో అమలయింది.

ఒకే రూపం అనే ఆశ

మొదటి దారి అందరికీ ఒకే రూపం. సమాచారాన్ని టెక్స్టుగా రాసే పద్ధతుల్లో ఒకప్పుడు ఎక్స్‌ఎంఎల్, తర్వాత జేసన్, యామల్, ఇప్పుడు టామల్. ప్రతిదానికీ తనదైన మచ్చ ఉంది. ఎక్స్‌ఎంఎల్‌ను మనిషి చేత్తో రాయడం శిక్ష. జేసన్‌లో కామెంటుకు చోటే లేదు. అమరికల ఫైలులో అన్నిటికన్నా విలువైనది 'ఈ విలువ ఎందుకు మార్చామంటే' అన్న పంక్తే కాబట్టి అది చిన్న లోటు కాదు. యామల్ 1.1 ప్రకారం కొటేషన్ గుర్తులు లేని 'నో' అంటే 'కాదు' అని అర్థం. దేశాల సంకేతాల జాబితాలో నార్వే సంకేతం కూడా NO అనే ఆ రెండక్షరాలే కావడంతో అది 'కాదు' అయిపోతుంది. అదే నిర్వచనంలో 22:22 అని పోర్టుల జత రాస్తే దాన్ని అరవై ఆధారంగా లెక్కించి 1342 అని చదువుకునే వీలుంది. 2009 నాటి యామల్ 1.2 ఈ తిప్పలను తగ్గించినా, పాత నిర్వచనాన్నే పట్టుకున్న లైబ్రరీలు ఇంకా వాడుకలో ఉన్నాయి.

అసలు చిక్కు మచ్చల్లో లేదు. రేపు ప్రతి ప్రోగ్రామూ టామల్‌కు మారిపోయిందనే అనుకుందాం. అప్పుడు ఫైలును చదివి విడదీసే పార్సర్ ఒకటే ఉంటుంది, కామెంటు గుర్తు ఒకటే ఉంటుంది. కానీ సుడోలో ఒకే ఆదేశానికి రెండు నియమాలు సరిపోలితే చివరిది నెగ్గుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో ఒకే అమరికకు రెండు విలువలుంటే చాలావరకు మొదటిదే నెగ్గుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ పీఎఫ్ ఫైర్‌వాల్‌లో మామూలుగా చివరి నియమానిది పైచేయి, లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో మొదట సరిపోలిన నియమం తీర్పు చెప్పేస్తుంది. ఎంజిన్‌ఎక్స్‌లో చిరునామా ఆరంభాన్ని పోల్చే నియమాల్లో అన్నిటికన్నా పొడవైనది చూస్తారు, అక్షరాల నమూనాలైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లయితే రాసిన వరుసలో మొదటిది చూస్తారు. ఇవేవీ రూపానికి సంబంధించినవి కావు, అర్థానికి సంబంధించినవి. లిపి ఒకటైనంత మాత్రాన భాషలు ఒకటి కావు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో ఎస్‌ఎస్‌హెచ్ దగ్గరే కనబడుతుంది. డెబియన్, ఉబుంటు యంత్రాల్లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రధాన ఫైలు పైభాగంలోనే అదనపు డైరెక్టరీని చదవమనే పంక్తి ఉంటుంది. క్లౌడ్ యంత్రాల్లో ఆ డైరెక్టరీలో 50 అంకెతో మొదలయ్యే ఫైలు ముందే ఉండి, పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడాన్ని అనుమతిస్తూ ఉండవచ్చు. నిర్వాహకుడు జాగ్రత్తగా 99 అంకెతో ఒక ఫైలు పెట్టి దాన్ని నిషేధిస్తాడు. మిగతా చాలాచోట్ల చివర చదివినది నెగ్గుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటాడు. ఇక్కడ మొదట చదివినది నెగ్గుతుంది. తలుపు మూశామన్న నమ్మకం మిగులుతుంది, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. ఫైలు టామల్‌లో ఉన్నా ఇదే జరిగేది.

ఒకే గిడ్డంగి అనే ఆశ

రెండో దారి అన్నిటినీ ఒకే నిల్వలోకి చేర్చడం. దీనికి పేరుమోసిన ఉదాహరణ విండోస్ రిజిస్ట్రీ. 1992లో విండోస్ 3.1తో పరిమితమైన పనికి వచ్చి, విండోస్ 95 నాటికి వ్యవస్థ మొత్తానికీ పరచుకుంది. యూనిక్స్ ప్రపంచంలోనూ ఇలాంటివి లేకపోలేదు. ఐబీఎం ఏఐఎక్స్‌లో పరికరాల వివరాలు ఓడీఎం అనే డేటాబేసులో ఉంటాయి. నెక్స్ట్ నుంచి మాక్ ఓఎస్ టెన్‌కు వచ్చిన నెట్‌ఇన్ఫోను ఆపిల్ 2007 నాటి 10.5లో తీసేసింది. నోమ్ డెస్క్‌టాప్ మొదట జీకాన్ఫ్‌ను, తర్వాత డీకాన్ఫ్‌ను వాడింది. 2004లో లినక్స్ రిజిస్ట్రీ అనే పేరుతో మొదలైన ప్రాజెక్టు ఎలెక్ట్రాగా పేరు మార్చుకుని, కీలు, విలువల ఒకే చెట్టు కింద మొత్తం వ్యవస్థను తేవాలని చూసింది. ప్రోగ్రాములన్నీ తమ పాత ఫైళ్లు వదిలి దాని లైబ్రరీకి మారతాయని కూర్చుంటే పని కాదని, ఉన్న ఫైళ్లనే ప్లగిన్ల ద్వారా చెట్టు కొమ్మలుగా తగిలించే పద్ధతి అందులో వచ్చింది. ఆ మార్పే ఒక పాఠం.

గిడ్డంగికి వ్యతిరేకంగా యూనిక్స్ వాళ్లు చెప్పే మాటల్లో కొన్ని ఉత్త అభిమానమే. డేటాబేసు పాడవుతుందన్నది అంత గట్టి వాదన కాదు, ఫైళ్లూ పాడవుతాయి. గట్టి వాదనలు వేరే ఉన్నాయి. యంత్రం సగంలో ఆగిపోయి, ఒక్క షెల్, ఒక్క ఎడిటర్ తప్ప ఏమీ లేని స్థితిలో సరిచేయడానికి మామూలు టెక్స్టు ఫైలే దిక్కు. ఏ డిస్కు తగిలించాలో చెప్పే అమరిక ఆ డిస్కు మీద నడిచే సేవను అడిగి తెలుసుకోవలసి వస్తే, గుడ్డు ముందా పిల్ల ముందా అన్న చోటికే వస్తాం. వాడుకరుల వివరాలు అందించే సర్వర్ ఓపెన్‌ఎల్‌డాప్ తన అమరికలను తన సొంత డైరెక్టరీ చెట్టులోకి మార్చుకున్నప్పుడు నిర్వాహకులకు ఎదురైన తలనొప్పి ఇలాంటిదే: సర్వర్‌ను సరిచేయాలంటే సర్వర్ నడుస్తూ ఉండాలి. ఇంకా, టెక్స్టు ఫైలును మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టుకోవచ్చు, రెండు ప్రతుల తేడా చూడవచ్చు, కామెంటు రాసుకోవచ్చు, మెయిలులో పంపవచ్చు. గిడ్డంగి వీటన్నిటినీ మళ్లీ తన సొంతంగా కట్టుకోవాలి.

అయినా డెస్క్‌టాప్ వాళ్ల ప్రయోగంలో నిలిచిన విషయం ఒకటుంది. జీకాన్ఫ్ పోయి డీకాన్ఫ్ వచ్చినప్పుడు, ప్రోగ్రాములు నేరుగా మాట్లాడేది నిల్వతో కాకుండా జీసెట్టింగ్స్ అనే పొరతో అయింది. ప్రతి అమరికకూ రకం, డిఫాల్ట్ విలువ, చిన్న వివరణ ఉన్న స్కీమాను ప్రోగ్రామే వెంట తెస్తుంది. విలువలు ఎక్కడ దాస్తారన్నది ఆ తర్వాతి సంగతి. నిల్వ మారినా స్కీమా మిగులుతుంది.

మధ్యవర్తుల అవస్థ

మూడో దారిలో ప్రోగ్రాములను కదిలించరు. మధ్యలో ఒక అనువాదకుణ్ని పెడతారు. వెబ్‌మిన్, యాస్ట్ వంటి నిర్వహణ పరికరాలు ఈ కోవలోనివే. ఇక్కడ ఎదురయ్యేది ఇద్దరు రాతగాళ్ల సమస్య. ఫైలును మనిషీ రాస్తాడు, యంత్రమూ రాస్తుంది. యంత్రం తిరగరాసినప్పుడు మనిషి పెట్టిన కామెంట్లు, వరుస, ఖాళీ పంక్తులు ఎగిరిపోతే ఆ మనిషి మళ్లీ ఆ పరికరాన్ని నమ్మడు.

దీనికి అన్నిటికన్నా అందమైన జవాబు ఆగియాస్. గ్రీకు పురాణంలో ఏళ్ల తరబడి కడగని ఆగియాస్ రాజు పశువుల కొట్టం గుర్తుకొచ్చే పేరది. పెట్టినవాళ్లకు హాస్యం తెలుసు. అది ప్రతి ఫైలు రకానికీ 'లెన్స్' అనే వివరణ రాసుకుంటుంది. ఒకే వివరణ రెండు వైపులా పనిచేస్తుంది: ఫైలును చెట్టుగా చదువుతుంది, మార్చిన చెట్టును మళ్లీ ఫైలుగా రాస్తుంది. ఏమీ మార్చకుండా తిరిగి రాస్తే ఫైలులో ఒక్క అక్షరం కూడా కదలకూడదన్నది దాని నియమం. ఇది సిద్ధాంతపరంగా గట్టి పునాది ఉన్న ఆలోచన. కానీ లెన్స్ రాసేది ఒకరు, ప్రోగ్రాము రాసేది మరొకరు. ప్రోగ్రాము కొత్త వెర్షన్‌లో ఒక కొత్త పదం చేరితే లెన్స్‌కు ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. ఒక ఫైలును లెన్స్ అర్థం చేసుకున్నా, అందులో రాసిన పోర్టు సంఖ్య చెల్లుతుందో లేదో దానికి తెలియదు.

నాలుగో దారి ఫైళ్లను పైనుంచి తయారు చేయడం. మార్క్ బర్గెస్ 1993లో మొదలుపెట్టిన సీఎఫ్‌ఇంజిన్ నుంచి పప్పెట్, ఆన్సిబుల్ వరకు ఈ వరుసే. నిక్స్‌ఓఎస్ దాన్ని చివరంటా తీసుకెళ్లింది: వ్యవస్థ మొత్తం ఒకే భాషలో రాసిన వర్ణన, అందులోంచి అన్ని ఫైళ్లూ పుడతాయి, నచ్చకపోతే పాత తరానికి వెనక్కి వెళ్లవచ్చు. అక్కడ కూడా ప్రతి సాఫ్ట్‌వేర్ ప్రతి ఎంపికనూ మళ్లీ నిర్వచించడం మోయలేని భారమైంది. తర్వాత చాలా మాడ్యూళ్లలో ముఖ్యమైన కొన్నిటికే రకాలు చెప్పి, మిగతావి ఉన్నవి ఉన్నట్టు ఆ ప్రోగ్రాము సొంత రూపంలోకి పంపే పద్ధతి వచ్చింది. మూడో దారిలోనూ నాలుగో దారిలోనూ అడ్డుపడింది ఒకటే: ప్రోగ్రాముకు తెలిసిన విషయాన్ని బయటివాళ్లు ఊహించి రాసుకోవలసి రావడం.

పూర్తిగా నెగ్గిన చోట్లు

ఏకీకృత కాన్ఫిగరేషన్ ఎక్కడా నెగ్గలేదనడం తప్పు. ఇంటి రూటర్లలో నడిచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో యూసీఐ అనే వ్యవస్థ ఉంది. నెట్‌వర్క్, వైర్‌లెస్, డీఎన్‌ఎస్ (పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే వ్యవస్థ), ఫైర్‌వాల్ అన్నిటికీ ఒకే డైరెక్టరీ, ఒకే రాత, ఒకే ఆదేశం. సేవ మొదలయ్యేటప్పుడు దాని స్క్రిప్టు యూసీఐ ఫైలును చదివి, అసలు ప్రోగ్రాముకు కావలసిన సొంత ఫైలును తాత్కాలికంగా తయారు చేసి ఇస్తుంది. వెబ్ తెర మీద మార్చినా, కమాండ్ లైనులో మార్చినా తగిలేది అదే ఫైలుకు. కామెంట్లు నిలవకపోవడం వంటి లోపాలున్నా లెక్కలేనన్ని రూటర్ల మీద ఇది రోజూ పనిచేస్తోంది.

జునిపర్ వారి జునోస్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ పునాది మీద కట్టిన ఈ వ్యవస్థలో మార్పులన్నీ ముందు ఒక ముసాయిదాలో జరుగుతాయి. 'కమిట్' అన్నప్పుడు మొత్తాన్ని ఒకేసారి సరిచూసి, సరిగా ఉంటేనే అమల్లోకి తెస్తుంది. 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అంటే మరీ ముచ్చటైనది: మార్పు అమలవుతుంది, కానీ పది నిమిషాల్లోగా మళ్లీ ధ్రువీకరించకపోతే పాత స్థితికి దానంతట అదే వెనక్కి వెళ్తుంది. దూరంగా ఉన్న రూటర్ ఫైర్‌వాల్‌ను మారుస్తూ పొరపాటున తమ దారినే మూసేసుకున్న ఎవరికైనా దీని విలువ విడమరచి చెప్పనక్కరలేదు. ఇలాంటి అనుభవాల మీదే 2006లో నెట్‌వర్క్ పరికరాల అమరికలను మార్చే నెట్‌కాన్ఫ్, 2010లో దాని స్కీమా భాష యాంగ్ ప్రమాణాలుగా వచ్చాయి.

ఇవి నెగ్గడానికి కారణం రూపకల్పన గొప్పతనం ఒక్కటే కాదు. ఆ పెట్టెలో ఏమేమి నడవాలో నిర్ణయించే చెయ్యి ఒక్కటే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ప్యాకేజీ స్క్రిప్టులు ఆ ప్రాజెక్టు వాళ్లే రాస్తారు. జునోస్‌లో అంతా ఒక కంపెనీది. సాధారణ లినక్స్ యంత్రంలో వందలాది ప్రోగ్రాములు, వాటి వెనక ఎవరికీ జవాబుదారీ కాని వందలాది రచయితలు. అక్కడ ఎవరి ఆజ్ఞా చెల్లదు. కాబట్టి ఏ రూపకల్పన అయినా ముందు ఎదుర్కోవలసిన పరీక్ష ఇది: మిగతా ఎవరూ చేరకపోయినా, మొదట చేరిన ఒక్క ప్రోగ్రాముకు ఒరిగేదేమిటి? గిడ్డంగుల దగ్గర ఈ ప్రశ్నకు జవాబు 'ఏమీ లేదు, ఒక లైబ్రరీ భారం తప్ప' అనే వచ్చేది.

ఫైళ్లు కాదు, ప్రశ్నలు

ఈ పరీక్షలో నెగ్గిన ఆనవాయితీ ఒకటి ఎప్పటినుంచో కళ్లముందే ఉంది: ఆదేశం వెనక రాసే 'హెల్ప్' అనే ఫ్లాగు. దాని కోసం ఏ ప్రోగ్రామూ తన లోపలి నిర్మాణాన్ని మార్చుకోలేదు, ఏ లైబ్రరీకీ లొంగలేదు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాత్రమే ఒప్పుకుంది. గ్నూ ప్రాజెక్టు నియమాలు దాన్ని అడిగాయి, మిగతావాళ్లకు అది పనికొచ్చింది కాబట్టి అలవాటైంది. అమరికల విషయంలోనూ ఇదే తోవ తొక్కవచ్చు. ఫైలును ముట్టుకోవద్దు, ప్రతి ప్రోగ్రామూ నాలుగు ప్రశ్నలకు యంత్రం చదవగల రూపంలో జవాబిస్తే చాలు. నీకు తెలిసిన అమరికలేవి, వాటి రకాలు, డిఫాల్ట్‌లు ఏమిటి? ఈ ఫైలు చెల్లుతుందా? ఇప్పుడు నిజంగా అమల్లో ఉన్న విలువ ఏది? అది ఎక్కడి నుంచి వచ్చింది?

విచిత్రమేమిటంటే ఈ జవాబులు చాలా ప్రోగ్రాముల్లో ముక్కలుముక్కలుగా ఇప్పటికే ఉన్నాయి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను చిన్న టీ ఫ్లాగుతో పిలిస్తే ఫైలును సరిచూస్తుంది, పెద్ద టీతో పిలిస్తే అమలయ్యే విలువలన్నీ చెబుతుంది; పై 50, 99 ఉచ్చును పట్టించేది ఆ పెద్ద టీయే. ఎంజిన్‌ఎక్స్‌లో కూడా చిన్న టీ, పెద్ద టీ ఉన్నాయి, కానీ అక్కడ పెద్ద టీ అంటే చదివిన ఫైళ్లన్నిటినీ కక్కడం. విండోస్‌తో ఫైళ్లు పంచుకునే సాంబాకు టెస్ట్‌పార్మ్ అనే వేరే ప్రోగ్రాము. పోస్ట్‌ఫిక్స్‌కు పోస్ట్‌కాన్ఫ్, అది డిఫాల్ట్‌లను, మార్చినవాటిని వేరువేరుగా చూపగలదు. సుడోకు విసుడో, తప్పు ఉంటే సేవ్ చేసే ముందే అడ్డుకుంటుంది. గిట్ ఒక ఫ్లాగుతో ప్రతి విలువ పక్కనా అది వచ్చిన ఫైలు పేరు చెబుతుంది. జ్ఞానం ఉంది, ఉమ్మడి భాష లేదు.

నాలుగు ప్రశ్నలకూ ఒకేచోట జవాబిచ్చే ప్రోగ్రాము కావాలంటే డేటాబేసు సర్వర్ పోస్ట్‌గ్రెస్‌ను చూడాలి. దాని సెట్టింగుల పట్టికలో ప్రతి అమరికకూ ప్రస్తుత విలువ, కొలమానం, రకం, కనిష్ఠం, గరిష్ఠం, చిన్న వివరణ, అది ఏ ఫైలు ఏ పంక్తి నుంచి వచ్చిందన్న సమాచారం ఉంటాయి. ఆ అమరిక మారితే రీలోడ్ చాలా, సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాలా అన్నదీ ఉంటుంది. ఫైలులో మార్చి మరిచిపోయిన విలువ రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తోందని కూడా చెబుతుంది. రీలోడ్ చేయకముందే ఫైలులోని తప్పులను చూపించే పట్టిక వేరే ఉంది. ఇద్దరు రాతగాళ్ల సమస్యకు 2014 నాటి 9.4 వెర్షన్ చేసిన పరిష్కారం మరీ సులువైనది: ఎస్‌క్యూఎల్ ఆదేశంతో మార్చిన విలువలు మనిషి రాసే ఫైలులోకి వెళ్లవు, యంత్రానికి కేటాయించిన మరో ఫైలులోకి వెళ్తాయి. ఎవరి పలక వారిది. లెన్సులూ అక్కర్లేదు, కామెంట్లూ పోవు.

ఇలాంటి స్కీమా రాసిపెట్టిన రచయితకు, ప్రపంచంలో ఇంకెవరూ ఆ పని చేయకపోయినా, ప్రతిఫలం ఆ రోజే మొదలవుతుంది. మాన్యువల్ పేజీలోని అమరికల పట్టిక అందులోంచే తయారవుతుంది, కోడుకూ డాక్యుమెంటుకూ మధ్య తేడాలు తగ్గుతాయి. అక్షరదోషం ఉన్న కీని ప్రోగ్రాము గుర్తించి 'ఈ పేరు నాకు తెలియదు, బహుశా ఫలానా అయి ఉంటుంది' అనగలదు. ఎడిటర్లు కీల పేర్లను పూర్తిచేసి చూపగలవు. ఆన్సిబుల్ వంటివి ఊహించుకోవడం మాని అడిగి తెలుసుకోగలవు. పది ప్రోగ్రాములు చేరితే అందరికీ ఒకే పరికరం సాధ్యం. రెండే చేరినా ఆ రెండింటికీ నష్టం లేదు.

ఫైళ్లను ముట్టుకోవద్దన్నా, పొరల విషయంలో కొంత క్రమశిక్షణ తప్పదు. పంపిణీదారు ఇచ్చిన డిఫాల్ట్‌లు ఒకచోట, నిర్వాహకుడి మార్పులు మరోచోట ఉండాలన్న సిస్టమ్‌డీ పద్ధతి ఇప్పుడు విస్తరిస్తోంది. ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడు 'మీ ఫైలు ఉంచాలా, కొత్తది వేయాలా' అని డెబియన్ ప్యాకేజీ పరికరం డీపీకేజీ అడిగే ప్రశ్నకు ఇదే మందు. గట్టి చిక్కు జాబితాల దగ్గర వస్తుంది. కింది పొరలో మూడు విలువల జాబితా ఉండి, పై పొరలో ఒకటే ఉంటే అది చేర్పా, మార్పా? సిస్టమ్‌డీలో జాబితా అమరికలకు మామూలుగా చేర్పే. పాతది తుడిచేయాలంటే ముందు ఖాళీ విలువ రాయాలి. తెలిసినవాళ్లకు ఇది సులువు, తెలియనివాళ్లకు వింత. ఇందులో సరైన జవాబు ఒకటే ఉందని వాదించడం దండగ. ఏ అమరికకు ఏ నియమమో స్కీమాలో రాసి ఉండాలి, అంతే. మొదటిది నెగ్గుతుందా చివరిది నెగ్గుతుందా అన్నది కూడా అక్కడే ఉండాలి. రహస్యాలకూ ఒక గుర్తు కావాలి: ఫలానా అమరిక పాస్‌వర్డ్ అని తెలియని పరికరం దాన్ని లాగ్‌లో ముద్రించేస్తుంది. పాస్‌వర్డ్ హాష్‌లు అందరూ చదవగల ఫైలులోంచి షాడో ఫైలులోకి మారడానికి యూనిక్స్‌కు ఏళ్లు పట్టిందని మరవకూడదు.

ఈ పద్ధతి అందుకోలేనివీ ఉన్నాయి. ఈమాక్స్ ఎడిటర్ అమరిక అంటే లిస్ప్ భాషలో రాసిన ప్రోగ్రాము. దాన్ని నడపకుండా దాని అర్థం చెప్పడం కుదరదు. లువా భాషతో అమర్చే ప్రోగ్రాములదీ అదే దారి. వాటిని స్కీమాలోకి ఇరికించడం కంటే 'నాకు తెలిసినవి ఇవి, మిగతాది నడిపితేనే తెలుస్తుంది' అన్న జవాబును చెల్లుబాటుగా ఒప్పుకోవడం మేలు. రెండు ప్రోగ్రాముల మధ్య నడిచే నియమాలు ఇంకా కష్టం. వెబ్ సర్వర్ 8443 పోర్టు మీద వింటోంది, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మూసి ఉంది. ఎవరి ఫైలు వారి లెక్కలో సరైనదే. ఇలాంటివి పట్టుకోవాలంటే రెండింటి అమలు విలువలనూ ఒకే భాషలో చదివే మూడో పరికరం కావాలి. నాలుగు ప్రశ్నలకు జవాబులు వస్తే ఆ పరికరం రాయడం సాధ్యమవుతుంది. జునోస్ తరహా కమిట్ మాత్రం వందలాది స్వతంత్ర ప్రోగ్రాముల మీద ఇప్పట్లో రాదు, ఎందుకంటే సగం సేవలు కొత్త అమరికతో, సగం పాతదానితో ఉన్న క్షణంలో ఏం చేయాలో చెప్పే అధికారం అక్కడ ఎవరికీ లేదు.

డీఎన్‌ఎస్ చిరునామాలుండే రిజాల్వ్ ఫైలు ఇందుకు మంచి ఉదాహరణ. అందులోని రాత యూనిక్స్ ఫైళ్లన్నిటిలోకీ సులువైన వాటిలో ఒకటి, ఏ స్కీమా అయినా దాన్ని రెండు నిమిషాల్లో వర్ణిస్తుంది. కానీ యంత్రానికి నెట్‌వర్క్ చిరునామా తెచ్చే డీహెచ్‌సీపీ క్లయింటు దాన్ని తనదనుకుంటుంది, నెట్‌వర్క్‌మేనేజర్ తనదనుకుంటుంది, వీపీఎన్ తనదనుకుంటుంది, సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ దాన్ని సింబాలిక్ లింకుగా మార్చేస్తుంది, నిర్వాహకుడు చేత్తో రాసిన పంక్తి మరుసటి రీబూటుకు మాయమవుతుంది. ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చిందన్న నాలుగో ప్రశ్నను అక్కడ ఎవరిని అడగాలో నిర్ణయించడమే మొదటి పని.